డిస్కుల యుద్ధం, బీరువాలో పెళ్లి సీడీలు

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 2006 నుంచి 2008 దాకా సినిమా డిస్కుల కోసం తోషిబా ఒకపక్క, సోనీ ఇంకోపక్క నిలబడి చేసిన యుద్ధం గురించి చదివితే ఆ సామెతే గుర్తొస్తుంది. కాళ్లు విరిగింది మాత్రం డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లకి.

ఇలాంటి గొడవ అంతకుముందూ ఒకటి జరిగింది. 1975లో సోనీ బీటామాక్స్ అనే వీడియో క్యాసెట్ తెస్తే, మరుసటి ఏడాది జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చింది. మొదట్లో బీటామాక్స్‌లో గంటసేపే రికార్డయ్యేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. చివరికి వీహెచ్ఎస్ గెలిచింది. మనం అద్దెకు తెచ్చుకున్న సినిమా క్యాసెట్లూ, ఆనాటి పెళ్లి క్యాసెట్లూ చాలావరకు అవే. ఆ దెబ్బ గుర్తుండబట్టేనేమో, 1995లో డీవీడీ దగ్గరికి వచ్చేసరికి రెండు వర్గాలూ కూర్చుని ఒకే పద్ధతికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత తరం డిస్కు దగ్గర మాత్రం రాజీ కుదరలేదు.

అసలు కొత్త డిస్కు ఎందుకు కావలసి వచ్చిందంటారా? డిస్కు మీద బొమ్మా, పాటా కంటికి ఆనని గుర్తుల్లా ఉంటాయి. వాటిని లేజర్ కాంతి చదువుతుంది. లావు సూదితో సన్నని కుట్టు పడదు కదా, ఇదీ అంతే. సీడీకి వాడే కాంతి తరంగం 780 నానోమీటర్లు, డీవీడీకి వాడే ఎర్రకాంతి 650. జపాన్‌లోని నిచియా కంపెనీలో పనిచేసిన షుజి నకమురా వంటివారి కృషితో 1990లలో నీలి కాంతి చేతికొచ్చింది. దాంతో 405 నానోమీటర్ల సన్న సూది దొరికింది. డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ పడితే, తోషిబా వారి హెచ్‌డీ డీవీడీలో 15, సోనీ వర్గం వారి బ్లూ రేలో 25 జీబీ పట్టింది.

కాంతి రెండింటికీ ఒకటే. తేడా పైపొరలో ఉంది. హెచ్‌డీ డీవీడీకి పాత డీవీడీలాగే సమాచారం మీద 0.6 మిల్లీమీటర్ల పొర ఉంటుంది. అందుకని పాత ఫ్యాక్టరీల్లోనే కొద్ది మార్పులతో చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. బ్లూ రేకి ఆ పొర 0.1 మిల్లీమీటరే. లేజర్ దగ్గరగా, సన్నగా చదవగలదు కాబట్టి ఎక్కువ పడుతుంది, కానీ గీతలు పడతాయని భయం. మొదట్లో దాన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. తర్వాత టీడీకే కంపెనీ గట్టి పూత కనిపెట్టాక ఆ బాధ తీరింది.

2006 ఏప్రిల్‌లో అమెరికాలో తోషిబా ప్లేయర్ 499 డాలర్లకి వచ్చింది. జూన్‌లో శాంసంగ్ బ్లూ రే ప్లేయర్ 999 డాలర్లు. ధర చూస్తే తోషిబాయే గెలవాలి. కానీ ఆ నవంబర్‌లో సోనీ తన ఆటల యంత్రం ప్లేస్టేషన్ 3 లోనే బ్లూ రే పెట్టేసింది. ఆటల కోసం కొన్న ప్రతి ఇంటికీ బ్లూ రే తనంతట తానే చేరిపోయింది. సినిమా కంపెనీలు కూడా రెండుగా చీలాయి. 2008 జనవరి 4న వార్నర్ ఇక బ్లూ రే ఒక్కటే అని ప్రకటించింది. ఫిబ్రవరి 15న వాల్‌మార్ట్ కూడా అటే వెళ్లింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. మరుసటి ఏడాది తోషిబాయే బ్లూ రే సంఘంలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంది! కంపెనీలు కలిసిపోయాయి, హెచ్‌డీ డీవీడీ కొన్నవాళ్ల డిస్కులే అనాథలయ్యాయి.

ల్యాప్‌టాప్ కొన్నవాళ్ల సంగతి ఇంకా చిత్రం. 2006లోనే తోషిబా కాస్మియోలో హెచ్‌డీ డీవీడీ, సోనీ వాయోలో బ్లూ రే డ్రైవ్ వచ్చాయి. హాల్లో ప్లేయరైతే పక్కన పెట్టి ఇంకోటి కొనుక్కోవచ్చు. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లోపలే ఉంటుంది, మార్చడం అంత తేలిక కాదు. పైగా ఆ సినిమాలు 1920 బై 1080 చుక్కల బొమ్మలైతే, అప్పటి మామూలు ల్యాప్‌టాప్ తెర 1280 బై 800. ఎక్కువ డబ్బు పెట్టినా ఆ తేడా తెర మీద పూర్తిగా కనిపించదు. ఆ రోజుల్లో మామూలు డీవీడీ రైటర్‌తో సరిపెట్టుకున్నవాళ్లే తెలివైనవాళ్లు. ఇంట్లో సరుకు కొనేటప్పుడు మనం రోజూ చేసే పనే అది. కొనకుండా ఆగడం కూడా ఒక నిర్ణయమే, ఎవరూ లెక్కలో వేయరు గానీ.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే ఉండటం లేదు. మన బీరువాల్లో మాత్రం పెళ్లి సీడీలూ, పిల్లల అన్నప్రాశన డీవీడీలూ అలాగే ఉన్నాయి. స్టూడియోవాళ్లు రాసిచ్చిన ఆ డిస్కుల్లో ఉండేది రంగు పొర. ఎండకీ, వేడికీ, ఏళ్లు గడిచేకొద్దీ అది పాడవుతుంది. లోపల ఉన్నది ఈ రోజు మనతో లేని అత్తగారి నవ్వు కావచ్చు, తాతగారి గొంతు కావచ్చు.

వాటికోసం ఖరీదైన బ్లూ రే డ్రైవ్ అక్కర్లేదు. యూఎస్‌బీ తీగతో బయటనుంచి తగిలించే డీవీడీ రైటర్ చాలు, సీడీలూ వీసీడీలూ డీవీడీలూ అన్నీ చదువుతుంది. ఇంట్లో బ్లూ రే డిస్కులుంటేనే బ్లూ రే డ్రైవ్ గురించి ఆలోచించండి. వీసీడీ తెరిస్తే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డరులో డాట్ ఫైళ్లు కనిపిస్తాయి, వాటిని కాపీ చేసుకోండి. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డరు మొత్తం తీసుకోవాలి. వీఎల్‌సీలో రెండూ ఆడతాయి. ఒక కాపీ హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరేచోట దాచండి.

వచ్చే తరం ఏ డిస్కు వాడుతుందో, అసలు డిస్కే వాడుతుందో లేదో కంపెనీలు తేల్చుకుంటాయి. మన వాళ్ల గొంతులు మిగులుతాయా లేదా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ ఆదివారం ఒకసారి ఆ బీరువా పై అర చూడండి.