పలకాకు పసరు: పుండుమందుల పరీక్షాచరిత్ర



నేటి ప్రసంగమునకు విషయము గాయములకు మనవారు వేయు ఆకుపసరులు. అవి మంచివా, చెడ్డవా యని తీర్పు చెప్పుటకు నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల పల్లెలలో బడిపంతులుగా పనిచేసినవాడను. ఈ మందులను ఎవరు, ఎప్పుడు, ఎట్లు పరీక్షించిరో ఆ చరిత్రను మాత్రము మనవి చేసెదను. దానిని నేను చదువబూనుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా చెప్పుట న్యాయము.

1987వ సంవత్సరమున దేవరకొండ ప్రాంతమందలి యొక పల్లెలో నుంటిని. బడి ముంగిట పలకాకు విరివిగా మొలచెడిది. గడ్డిచేమంతి యనియు, గాయపాకు అనియు దానినే యందురు. పిల్లలు ఆ ఆకుతో పలకలు తుడిచెడివారు. మోకాలు చెక్కుకొనిపోయినప్పుడు దానినే నలిపి పసరు పిండెడివారు. నెత్తురు కట్టెడిది; కొలదిదినములలో పొక్కు కట్టి మానెడిది. ఒకనాడు తొమ్మిదేండ్ల పిల్లవాని అరికాలిలో త్రుప్పుపట్టిన బండిమేకు దిగెను. నేనే మేకు లాగి, నేనే పసరు పిండి, గుడ్డ కట్టి యింటికి పంపితిని. పుండు పైకి చక్కగా మూసికొనెను. ఎనిమిదవనాడు వాని దవడలు బిగిసెను. వాడు మరల బడికి రాలేదు. ధనుర్వాతము రాకుండ సూదిమందు కలదని నాకు తెలియకపోలేదు. ఆకుపై నున్న నమ్మకమువలన ఆ మాట నాకు తోచలేదు.

ఈ పలకాకు తాతముత్తాతలనాటి మందని అందరివలెనే నేనును తలచియుంటిని. తరువాత గ్రంథములు చూడగా ఆశ్చర్యము కలిగెను. దాని జన్మభూమి అమెరికాఖండమందలి ఉష్ణదేశములు. 1753లో లిన్నేయసు పండితుడు దానికి శాస్త్రనామము పెట్టినప్పుడు మెక్సికోదేశపు వెరాక్రూజును దాని స్థానముగా వ్రాసెను. 1492లో కొలంబసు ఆ ఖండము చేరిన పిమ్మటనే గాని అది మనదేశమునకు వచ్చుటకు వీలులేదు. కావున చరకసుశ్రుతులు దానిని ఎరుగరు. పేరు తెలియని పల్లెవా రెవరో క్రొత్త కలుపుమొక్కను గాయముపై వేసి చూచి, గుణము కనిపెట్టి, పదుగురకు చెప్పియుందురు. ఇదియు పరీక్షయే. కాని యిందొక లోపము కలదు. మానినవాడు వచ్చి చెప్పును. మాననివాడు చెప్పుటకు రాడు. చిన్నగాయములు చాలవరకు మందు లేకయే మానును. ఆ ఘనతయు ఆకు ఖాతాలోనే జమపడును.

ఇక పూర్వగ్రంథముల మాట. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమందు మొదటి యధ్యాయమే వ్రణమునుగూర్చినది. అందు అరువది ఉపక్రమములు చెప్పబడినవి. కోయుట, కడుగుట, కట్టుట, ధూపము వేయుట మున్నగునవన్నియు అందు గలవు. వ్రణితుని గదిలో ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పు కలిపి దినమునకు రెండుమారులు, పది రాత్రులవరకు ధూపము వేయవలెనని సూత్రస్థానము చెప్పును. అదే స్థానమందు మరియొక మాట కలదు. ప్రసిద్ధమైన ఔషధగుణమును తర్కముతో శోధింపరాదనియు, వేయి హేతువులు చెప్పినను అంబష్ఠాది గణము విరేచనము చేయదనియు దాని భావము. శోధింపరాదన్న మాటను పట్టుకొని కొందరు పరీక్షయే వలదందురు. నాకు అట్లు తోచదు. వాదబలముచే మందు గుణము మారదనియే గదా దాని సారము! అట్లయినచో తుదిమాట వాదమునకు గాక కంటికి కనబడు ఫలితమునకే చెందవలెను.

ఫలితమును చూచుటకును ఒక పద్ధతి కావలెను. ఇందుకు మన హైదరాబాదులోనే యొక ఉదాహరణము కలదు. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు క్లోరోఫారము గుండెను ఆపునా, ఊపిరిని ఆపునా యని వివాదము పుట్టగా, డాక్టరు ఎడ్వర్డు లారీ ప్రోద్బలముతో 1888లోను, 1889లోను రెండు సంఘము లచట పరీక్షలు జరిపినవి. రెండవదానికి నిజాము మీర్ మహబూబు అలీఖాన్ ధనసహాయము చేసెను. 1890లో పాలమూరునకు మహబూబునగరమను పేరు వచ్చినది ఈయన పేరననే. నాలుగువందలకు మించిన జంతువులపై పరీక్షించి, ఊపిరిని కనిపెట్టియున్నచో గుండెకు భయము లేదని ఆ సంఘము తేల్చెను. అయినను 1911లో లీవీ యను వైద్యుడు క్లోరోఫారము గుండెలయను చెదరగొట్టి హఠాత్తుగా చంపగలదని నిరూపించెను. ఒక పరీక్ష, ఎంత పెద్దదైనను, తుదితీర్పు కాదు. ఒకరు చూచినదానిని మరియొకరు మరల చూడవలెను.

పసుపు సంగతి మీరు వినియేయుందురు. 1995 మార్చిలో గాయములు మాన్పుటకు పసుపును వాడుటపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించెను. మరుసటి యేట మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి ఆక్షేపణ తెలిపి, 32 ఆధారములను దాఖలు చేసెను. వానిలో 1953నాటి వైద్యపత్రికావ్యాసము కూడ గలదు. 1997 ఆగస్టులో పేటెంటు రద్దాయెను. మనము సంతోషించితిమి, సంతోషింపదగినదే. కాని ఆ వ్యాజ్యములో గెలిచినది పసుపు వాడుక పాతదను మాట. పసుపు ప్రతిగాయమును మాన్పునను మాట అచట విచారణకే రాలేదు. పాతది యగుట వేరు, పనిచేయుట వేరు.

పనిచేయునా యని చూచిన యుదాహరణము షోలాపురమున కలదు. తెలంగాణమునుండి వలసబోయిన పద్మశాలీయులు మగ్గములు నడపిన పట్టణమది. అచటి శస్త్రవైద్యుడు సుబ్రహ్మణ్యము 1991లో తన పరీక్షను ప్రకటించెను. పైపైన కాలిన గాయములుగల 104 మందిని తీసికొని, 52 మందికి తేనెయు, 52 మందికి ఆసుపత్రులలో వాడుకలోనున్న వెండిలేపనమును వేసిరి. ఏడుదినములలో తేనె వేసినవారిలో నూటికి 91 గాయములు సూక్ష్మజీవులు లేనివాయెను. రెండవ పంక్తిలో నూటికి 7 మాత్రమే. తరువాత ఇతరులును చూచిరి. 2015లో కాక్రేను సంస్థవారు అట్టి పరీక్షలనన్నిటిని సమీక్షించి, పైపైన కాలిన గాయములు తేనెతో సాధారణపు కట్టులకంటె నాలుగైదుదినములు ముందుగా మానుననియు, చాలవరకు ఇతరగాయములనుగూర్చి నిశ్చయముగా చెప్పజాలమనియు తేల్చిరి. అమ్రాబాదు గుట్టలలో చెంచులు తీయు తేనెకు ఇంతటి యోగ్యతాపత్రము దొరకినది. హద్దును దానితోడనే దొరకినది.

పలకాకు మాటయు ఇట్టిదే. ప్రకటితమైన యొక పరిశోధనలో, మరియొక మందుచే మానుదల మందగించిన ఎలుకలపై ఈ యాకు రసమును పరీక్షించి, మానుదల కొంత చక్కబడుటను కనిరి. పెద్దల మాట వట్టిది కాదని దీనివలన తెలియును. కాని ఎలుకపై నిలిచిన సాక్ష్యము మనుష్యునిపై నిలిచినట్లు కాదు. మరియు గాయము మూయుట వేరు, లోపలి విషక్రిమిని చంపుట వేరు. నేను పొరపడినది ఇచటనే.

ధనుర్వాతపు క్రిమి బీజములు మట్టిలోను, పేడలోను ఉండును. గాలి చొరని లోతుగాయములలో అవి మొలకెత్తి విషము పుట్టించును. ఆ క్రిమిని 1889లో జపానుదేశీయుడు కిటసాటో శుద్ధముగా పెంచి చూపెను. హైదరాబాదులో క్లోరోఫారము పరీక్షలు జరిగినదియు ఆ యేటనే. 1924లో దానికి టీకా సిద్ధమాయెను. గర్భిణులకు టీకా వేయుటచేతను, శుభ్రమైన కాన్పులచేతను, తల్లులకును పసికందులకును వచ్చు ధనుర్వాతము మనదేశమున ప్రజారోగ్యసమస్యగా నిర్మూలిత మైనదని 2015లో ప్రకటింపబడెను. ఇది లక్షలమందిపై నెగ్గిన పరీక్ష.

కావున పెద్దలకు నా మనవి. మోకాలు చెక్కుకొన్నచో ముందు సబ్బుతో, మంచినీటితో కడుగుడు. పేడ, బూడిద, మట్టి పుండు దరికి రానీయకుడు. మేకు, ముల్లు, కొడవలి లోతుగా దిగినచో ఆకు వెదకుచు కాలహరణము చేయక ఆసుపత్రికి పంపి సూదిమందు వేయింపుడు.

మరియొకటి. మీ యెరుకలోని పసరులను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు: ఏ ఆకు, ఏ గాయము, ఎన్నిదినములు, ఏమాయెను. మానినవి మాత్రమే గాక మాననివియు వ్రాయుడు. బడిలో హాజరుపట్టీ యందు వచ్చినవారికే గాక రానివారికిని గుర్తు పెట్టుదుము. రానివారిని లెక్కింపని పట్టీ పట్టీయే కాదు. నా పాతపట్టీలో ఒక పేరునెదుట నెలకడవరకు నేను పెట్టిన గుర్తులు నేటికిని నా కన్నులయెదుట నున్నవి.

సెలవు.