రెండో వోటు

మా తాత 1952లో రెండు వోట్లు వేశాడు. "రెండోట్లేసిన బిడ్డా, ఒకటి రెడ్డికి, ఒకటి అచ్చాలుకు" అని ఆయన గొప్పగా చెప్పుకొంటూ వుంటే, చిన్నతనంలో నేనూ మా అన్నా అదేదో దొంగవోటు కథ అనుకొని నవ్వుకొనేవాళ్ళం. ఎం.ఏ. చదివే రోజుల్లో గాని ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలియలేదు. ఆనాడు నల్లగొండ ద్విసభ్య పార్లమెంటు నియోజకవర్గం. అందులో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించినది. ప్రతి వోటరుకూ రెండు వోట్లు. రెంటినీ ఒకే అభ్యర్థికి వేయడానికి వీలు లేదు. రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు ఇద్దరూ ప్రజాస్వామ్య ఫ్రంటు పక్షాన గెలిచారు. నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ వోట్లు వచ్చాయని మనం సభల్లో తరచు చెప్పుకొంటాం. నిజమే, మూడు లక్షలు దాటాయి. కాని నెహ్రూ నిలబడిన స్థానం కూడా ద్విసభ్య స్థానమే అనే సంగతినీ, అచ్చాలు పేరునూ సాధారణంగా చెప్పుకోము. ఆ రెండో పేరు ఎందుకు మరుగున పడిందన్న ప్రశ్న నుంచే ఈ వ్యాసం పుట్టింది.

సాహిత్యం పాఠం చెప్పేవాడికి నియోజకవర్గాల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పోతన ఒంటిమిట్ట వాడా, బమ్మెర వాడా అని తేల్చడానికి మన పండితులు ఎంత సిరా ఖర్చు చేశారో నాకు తెలుసు. అయిదు వందల ఏళ్ళ కిందటి కవి ఏ వూరివాడో తేలకపోతే మనకు నిద్ర పట్టదు. బతికి వున్న మనిషి ఏ శాసనసభకు చెందినవాడో తేలకపోతే మాత్రం పట్టించుకోము. అలాంటి మనుషులు మన మధ్య వున్నారు. వాళ్ళ దగ్గరికి వస్తాను. ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

1919 చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలిలో 132 మంది సభ్యులు, వారిలో ఎన్నికైనవారు 98 మంది. ఆ నియోజకవర్గాలను మనం ఇవాళ పటం మీద గీతలుగా ఊహించుకొంటే పొరపాటు పడతాము. గీతలు వున్నాయి, సాధారణంగా జిల్లాల హద్దులే వాడుకొన్నారు. అయితే అసలు హద్దు మనిషి మీద గీసినది. ఒకే వూళ్ళో ముస్లిము ఒక నియోజకవర్గం, క్రైస్తవుడు మరొకటి, జమీందారుకు తన తోటి భూస్వాములతో కలిసి ఇంకొకటి. మిగిలినవారిలో ఆస్తి, పన్ను చెల్లింపు వంటి అర్హతలు వున్నవారికే వోటు. 1935 చట్టం ఈ పద్ధతిని తీసివేయలేదు, ఇంకా విస్తరించింది. మద్రాసు అసెంబ్లీలో 215 స్థానాలు: సాధారణ స్థానాలు 146 (వాటిలో షెడ్యూల్డు కులాలకు 30), ముస్లిములకు 28, క్రైస్తవులకు 8, స్త్రీలకు 8, భూస్వాములకు 6, వర్తక పరిశ్రమలకు 6, కార్మికులకు 6, ఐరోపావారికి 3, ఆంగ్లో ఇండియనులకు 2, విశ్వవిద్యాలయానికి 1. ఈ పట్టిక చివర ఇంకొక 1 వుంది. అది "వెనుకబడిన ప్రాంతాలు, తెగలు" అన్న పేరు మీద.

మొత్తం మద్రాసు రాష్ట్రంలోని గిరిజనులందరికీ కలిపి ఒకటి. భూస్వాములకు ఆరు. విశాఖ, గోదావరి ఏజెన్సీలను పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలని ప్రకటించి, గవర్నరు అనుమతించకపోతే శాసనసభ చేసిన చట్టం అక్కడ అమలు కాకుండా చేశారు. రంప తిరుగుబాటు ముగిసి అప్పటికి పదమూడేళ్ళు కూడా కాలేదు. మన్యం జనం తుపాకి పట్టి మాట్లాడితే వినిపించింది గాని, వోటు పట్టి మాట్లాడడానికి వారికి ఇచ్చిన చోటు 215లో ఒకటి.

స్వాతంత్ర్యం తర్వాత ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, వయోజన వోటు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. మనిషి మీది గీత చెరిగిపోయి నేల మీది గీత మిగిలింది. అయితే కేటాయింపు స్థానాలను ఎక్కడ పెట్టాలి? దానికి వచ్చిన జవాబే ద్విసభ్య నియోజకవర్గం. నియోజకవర్గం రెండింతలు పెద్దది, సభ్యులు ఇద్దరు, అందులో ఒకరు తప్పనిసరిగా షెడ్యూల్డు కులం వారో తెగ వారో కావాలి. 1952లో మద్రాసు అసెంబ్లీ 375 స్థానాలకు నియోజకవర్గాలు 309, వాటిలో ద్విసభ్య స్థానాలు 66. హైదరాబాదు రాష్ట్రంలో 142 నియోజకవర్గాలలో 33. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలలో 167లో 29.

ఈ పద్ధతిని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. కేటాయింపు స్థానానికి నిలబడిన హరిజన అభ్యర్థి చాలాచోట్ల భూస్వామి అభ్యర్థి వెనక తోకలాగా తిరగవలసి వచ్చింది. నియోజకవర్గం మరీ పెద్దది కావడంతో ఖర్చు పెరిగింది, సభ్యుడి ముఖం చూడని పల్లెలు పెరిగాయి. ఇవన్నీ నిజాలే. అయితే ఆ పద్ధతి చట్టంలో ఒక చిన్న కిటికీ తెరిచి వుంది. మొదట కేటాయింపు స్థానం నింపాలి. ఆ వర్గం అభ్యర్థులలో ఎవరికి ఎక్కువ వోట్లు వస్తే వారికి అది. తర్వాత మిగిలిన అభ్యర్థులందరిలో, ఏ కులమైనా ఏ తెగైనా సరే, ఎవరికి ఎక్కువ వోట్లు వస్తే వారికి రెండో స్థానం. అంటే రెండో స్థానం అగ్రవర్ణం సొత్తు కాదు. అది అందరిదీ.

ఆ కిటికీలోంచి 1957లో పార్వతీపురంలో ఇద్దరు గిరిజనులు పార్లమెంటుకు వెళ్ళారు.

అక్కడ నలుగురు పోటీ చేశారు. కాంగ్రెసు పక్షాన వి.వి. గిరి. ఆయన సామాన్యుడు కాదు. 1937లో మద్రాసు ప్రధానిగా వుండిన బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించినవాడు. కేంద్రంలో కార్మిక మంత్రిగా వుండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో 1954లో పదవి వదులుకొన్నవాడు. ఆయన మీద నాకు వ్యక్తిగతంగా గౌరవమే వుంది. వోట్లు లెక్కపెడితే బి. సత్యనారాయణ దొర మొదట వచ్చారు. కేటాయింపు స్థానం ఆయనకు పోయింది. మిగిలినవారిలో డి. సూరిదొరకు 1,24,604, గిరికి 1,24,039. తేడా 565 వోట్లు. సూరిదొర కూడా షెడ్యూల్డు తెగ వాడే. సాధారణ స్థానం ఆయనకు దక్కింది.

గిరి కోర్టుకు వెళ్ళారు. ఆయన వాదనలు రెండు. కేటాయింపు స్థానానికని నామినేషను వేసినవాడు సాధారణ స్థానానికి అర్హుడు కాడన్నది ఒకటి. సూరిదొర తనను క్షత్రియుడిగా చెప్పుకొన్నాడు కాబట్టి అసలు ముఖదొర తెగవాడే కాడన్నది రెండోది. ఈ రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని ప్రకారం ఆయన గిరిజనుడు కాబట్టి ఆ కుర్చీలో కూర్చోకూడదు. రెండోదాని ప్రకారం గిరిజనుడు కాడు కాబట్టి అసలు పోటీకే రాకూడదు. న్యాయవాద వృత్తిలో ఇలాంటివి మామూలే, దీనికి గిరిని ఒక్కణ్ణే తప్పుపట్టను. కాని జమీందారును ఓడించిన కార్మిక నాయకుడికి సైతం గిరిజనుడి చేతిలో ఓటమి ఎంత మింగుడుపడని విషయమో ఆ దావా చెబుతుంది. 1959లో సుప్రీం కోర్టు అధిక సంఖ్యాక న్యాయమూర్తుల తీర్పుతో రెండు వాదనలనూ తోసివేసింది. సూరిదొర నెగ్గాడు.

1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. ఒక్క పార్వతీపురం తీర్పే దానికి కారణమని నేననను. ఖర్చు, విస్తీర్ణం అన్న ఫిర్యాదులు ముందునుంచీ వున్నాయి. అయితే ఆ ఫిర్యాదులకు ఎన్నాళ్ళుగానో దొరకని తొందర తీర్పు తర్వాత రెండేళ్ళలో దొరికింది. చట్టం ప్రకారం ఎన్నికల కమిషను ప్రతి ద్విసభ్య నియోజకవర్గాన్నీ రెండుగా కోసి, ఒక ముక్కను కేటాయింపు స్థానం చేసింది. మొత్తం కేటాయింపు స్థానాల లెక్క తగ్గలేదు కదా అని వాదించేవారున్నారు. లెక్క తగ్గలేదు, కిటికీ మూసుకొంది. గిరిజనులు ఎక్కువగా వున్న ముక్క వారికి పోయింది. రెండో ముక్కలో మిగిలిన గిరిజన గూడేలు మైదానపు వోట్ల మధ్య చెదిరిపోయాయి. అక్కడ ఇంకొక సూరిదొర నిలబడడానికి చట్టం అడ్డు చెప్పదు. లెక్క అడ్డు చెబుతుంది.

ఇక్కడ మన పక్షం వారికి ఒక మాట. ఓడినప్పుడల్లా హద్దుల మీద నింద వేసే అలవాటు మనలో వుంది. 1955లో ఆంధ్ర ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీకి 31 శాతం వోట్లు, 196లో 15 స్థానాలు వచ్చాయి. అది నియోజకవర్గాలు గీసినవారి కుట్ర కాదు. ప్రత్యర్థులంతా ఒక్కటయ్యారు, ఒక్క వోటు ఎక్కువ వచ్చినా గెలుపే అనే పద్ధతి మిగిలిన పని చేసింది. గీతలు అలాగే వున్నా, అటువైపు మూడు ముక్కలుగా వుంటే ఫలితం వేరుగా వుండేది. అలాగే 2008లో రామన్నపేట, ఇందుర్తి, సుజాతనగర్ నియోజకవర్గాల పేర్లు పటం మీద లేకుండా పోయినప్పుడు, కమ్యూనిస్టులు గెలిచిన చోట్లను ఏరి తుడిచారని మావాళ్ళు చాలామంది అన్నారు. మాది రామన్నపేట. 2009లో నా మొదటి వోటు నకిరేకల్లులో పడింది. తాత చివరిదాకా "మన రామన్నపేట సీటు" అనే అనేవాడు. బాధ నిజమే. కాని ఆ ఏడాదే కొత్తగా గీసిన వైరాలో కమ్యూనిస్టు అభ్యర్థి గెలిచింది. పైగా ఆ మార్పు ఎన్నాళ్ళకు జరిగింది? 1971 జనాభా లెక్కల మీద గీసిన హద్దులను 1976లో 42వ రాజ్యాంగ సవరణ స్తంభింపజేసింది. 1978 నుంచి 2004 దాకా 294 స్థానాలూ అవే గీతల్లో నడిచాయి. ఆ పాతికేళ్ళ పైచిలుకులో హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలు పట్టణాలయ్యాయి. కూకట్‌పల్లి, ఎల్.బి. నగర్, శేరిలింగంపల్లి అనే నియోజకవర్గాలు 2008 ఉత్తర్వులోగాని పుట్టలేదు. గీత మార్చడమే అన్యాయం కాదు, మార్చకపోవడమూ అన్యాయమే. నగరంలోకి వలస వచ్చిన కూలీ వోటు పల్లెలోని ఆసామి వోటులో సగానికి పడిపోయినా మనం అంతకాలం నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆ బతికి వున్న మనుషుల సంగతి.

నేను ఉద్యోగం చేసే కాలేజీలో కూనవరం వైపు నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థి వుండేవాడు. శాసనసభ గురించి ఏదో సందర్భంలో మాట్లాడుతూ మీ ఎమ్మెల్యే ఎవరని అడిగితే, వున్నాడు సార్, కాని మా అసెంబ్లీలో లేడు అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మా తాత మాటకు నేను నవ్వినట్టే.

భద్రాచలం తాలూకా 1874లో మధ్య రాష్ట్రాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. చాలాకాలం గోదావరి జిల్లాలో వుండి, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. ఈ మార్పుల్లో దేన్నీ అక్కడి కోయలను, కొండరెడ్లను అడిగి చేయలేదు. 2014 ఏప్రిల్ 30న కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం మండలాల వారు భద్రాచలం నియోజకవర్గంలో వోటు వేశారు. సి.పి.ఎం. అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. మే నెలాఖరున ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. వోటు వేసి నెల రోజులు, వోటరు ఒక రాష్ట్రం, ఆ వోటుతో గెలిచిన సభ్యుడు ఇంకొక రాష్ట్రం. భద్రాచలం పట్టణం తెలంగాణలో వుండిపోయింది, పక్కనున్న పురుషోత్తపట్నంలోని రాములవారి భూములు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. దేవుడి భూముల గురించి పత్రికలు చాలా రాశాయి.

భూమి బదిలీ అయింది, జనం బదిలీ అయ్యారు, ప్రాతినిధ్యం మాత్రం బదిలీ కాలేదు. 2019 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగేదాకా, దాదాపు అయిదేళ్ళు, ఈ మండలాల గిరిజనులు వోటు వేసి ఎన్నుకొన్న సభ్యుడు ఒక్కడూ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో లేడు. పునరావాసం, నష్టపరిహారం, అడవి హక్కులు, వాళ్ళ బతుకును తేల్చే నిర్ణయాలన్నీ జరిగింది ఆ అయిదేళ్ళలోనే. 1937లో ఒక్క స్థానమైనా వుండింది.

2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభకు జరిగిన ఎన్నికలలో భద్రాచలం ఈ మండలాలు లేకుండానే వోటు వేసింది. కూనవరం, చింతూరు రంపచోడవరంలో కలిశాయి, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో. రాజయ్య 2019లో రంపచోడవరం నుంచి పోటీచేసి ఓడిపోయారు. మరుసటి ఏడాది చనిపోయారు.

రంపచోడవరం అరకు పార్లమెంటు నియోజకవర్గంలో వుంది. 2008లో పార్వతీపురం పార్లమెంటు స్థానాన్ని రద్దుచేసి, అప్పటి శ్రీకాకుళం జిల్లా పాలకొండ నుంచి తూర్పుగోదావరి మన్యం దాకా నాలుగు జిల్లాల కొండలను దండలాగా గుచ్చి తయారుచేసిన నియోజకవర్గమది. ఖర్చు, విస్తీర్ణం భరించలేమని ద్విసభ్య స్థానాలను రద్దు చేసినవారి వాదన ఈ దండను గీసినప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. సూరిదొరకు వోటు వేసిన పార్వతీపురం, రాజయ్యకు వోటు వేసిన కూనవరం ఇప్పుడు ఒకే పార్లమెంటు సభ్యుణ్ణి ఎన్నుకొంటాయి. ఈ చివరి గూడెం వాడికి ఆ చివరి గూడెం వాడు తెలియదు.

ఆ కుర్రవాడు చదువు ముగించి వెళ్ళిపోయాడు. వాళ్ళ గూడెం ముంపులో వుంది. నిరుడు ఫోను చేసినప్పుడు, కాలనీలోకి మారాము, వాళ్ళ నాన్న వోటు ఎక్కడ వుందో ఇంకా వెతుకుతున్నాము అన్నాడు. భద్రాచలం అని రాసి వున్న పాత కార్డు మాత్రం ఆయన పెట్టెలో దాచుకొన్నాడట.