పారిస్ సంతకం, చిత్తూరు గుడారం

1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో రెండు ఒడంబడికల మీద సంతకాలు పడ్డాయి. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ తరఫున జెరార్, అమెరికా తరఫున బెంజమిన్ ఫ్రాంక్లిన్, సైలస్ డీన్, ఆర్థర్ లీ సంతకాలు చేశారు. ఒకటి వర్తకానికి, రెండోది ఇంగ్లండుతో యుద్ధం వస్తే కలిసి నిలవడానికి. వాటిలో హిందూదేశం ఊసే లేదు. అయినా కోలారు సరిహద్దున ఉన్న రామసముద్రం, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల పద్దెనిమిదో శతాబ్దాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ కాగితాల దగ్గరే మొదలుపెట్టాలని నా వాదన.

ఒప్పందంతో ఫ్రాన్సు, ఇంగ్లండు బాహాటంగా శత్రువులయ్యాయి. ఆ కబురు అందగానే చెన్నపట్నం ఇంగ్లీషువారు ఇక్కడి ఫ్రెంచి స్థావరాల మీద పడ్డారు. 1778 అక్టోబరులో పుదుచ్చేరి లొంగింది. తెలుగు తీరంలో యానాం, మచిలీపట్నంలోని ఫ్రెంచి స్థావరాలు కూడా వారి వశమయ్యాయి. 1779 మార్చిలో మాహే పోయింది. మైసూరు పాలకుడు హైదర్ అలీకి తుపాకులు, మందుగుండు దిగే రేవు అదే; అది తన రక్షణలో ఉందని ఆయన ముందే హెచ్చరించాడు. 1780 జులైలో ఆయన సేనలు కనుమలు దిగి కర్ణాటక నవాబు రాజ్యంలోకి వచ్చాయి. సెప్టెంబరు 10న పొల్లిలూరులో ఇంగ్లీషు సేనాని బెయిలీ పటాలం తుడిచిపెట్టుకుపోయింది. హైదర్ బావమరిది, గుర్రంకొండ పాలకుడు మీర్ అలీ రజాఖాన్ 1781లో పోర్టోనోవో యుద్ధంలో చనిపోయాడు. అంటే మదనపల్లె పక్కనున్న కోట అధిపతి, పారిస్‌లో మొదలైన యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

హైదర్ ఇంగ్లీషువారితో పోరాడుతున్న సంగతి అమెరికా వాళ్లకూ తెలుసు. ఇంగ్లీషువాణ్ణి ఓడించిన వాడెవడైనా వాళ్లకు ఆప్తుడే. పెన్సిల్వేనియా రాష్ట్రానికి హైదర్ అలీ పేరున్న యుద్ధనౌక ఒకటి ఉండేది. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో జాషువా బార్నీ నాయకత్వంలో ఆ నౌక తనకన్నా బలమైన 'జనరల్ మంక్' అనే ఇంగ్లీషు నౌకను పట్టుకుంది. అదే ఏడు జులైలో ఫ్రెంచి నౌకాదళాధిపతి సఫ్రెన్ కడలూరు దగ్గర హైదర్‌ను కలుసుకున్నాడు. డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట గుడారంలో హైదర్ కన్నుమూశాడు. చావు కబురు బయటికి పొక్కకుండా శవాన్ని పెట్టెలో పెట్టి కోలారుకు తరలించారు.

1783 జనవరి 20న వెర్సైల్స్‌లో ప్రాథమిక సంధి కుదిరినా, జూన్ 20న కడలూరు ముందు సఫ్రెన్ ఇంకా యుద్ధం చేస్తూనే ఉన్నాడు. సంధి మాట ఇక్కడికి చేరింది ఆ తరవాతే. ఆ అయిదు నెలల్లో పోయిన ప్రాణాలను ఏ రాయబారీ లెక్కపెట్టలేదు.

నాకు బాగా నచ్చిన కాగితం మాత్రం 1788 నాటిది. ఆ ఆగస్టు 10న హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ రాయబారులు ముగ్గురు వెర్సైల్స్‌లో లూయీ దర్బారుకు వెళ్లారు. అప్పుడు ఫ్రాన్సులో అమెరికా ప్రతినిధి థామస్ జెఫర్సన్. ఆ దర్బారు ఆడంబరం గురించి ఆయన తమ విదేశాంగ కార్యదర్శి జాన్ జేకి రాశాడు. ఫ్రెంచి అమెరికన్ దౌత్య దస్త్రాల్లో మైసూరు రాజ్యం నేరుగా కనబడే ఒక చోటు అది. ఆ రాజ్యంలో గుర్రంకొండ సీమ కూడా ఒక భాగం.

మరి ఈ ముక్కలను ఒకచోట చేర్చి చదవడం ఎందుకు అలవాటు కాలేదు? కారణం కచేరీల్లోనే ఉంది. అమెరికా వ్యవహారాలు చూసింది ఫ్రెంచి విదేశాంగ శాఖ. హిందూదేశం సంగతులు నౌకాదళ మంత్రిత్వ శాఖవి. ఒకే యుద్ధం రెండు బీరువాల్లోకి వెళ్లింది. మొదటి బీరువా ఇప్పుడు పారిస్ శివారు లా కూర్నవ్‌లో, వలసల బీరువా దక్షిణాన ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో. మూడోది ఇంగ్లీషువారిది, లండన్‌లోనూ ఎగ్మోర్‌లోనూ ఉంది.

అచ్చు వేసినవారు కూడా ఈ గోడలు దాటలేదు. 1886 నుంచి ఆంరీ దోనియోల్ అయిదు సంపుటాల్లో అమెరికా స్వాతంత్ర్యంలో ఫ్రాన్సు పాత్రను దస్త్రాలతో సహా వెలువరించాడు. 1889 నుంచి 1898 దాకా బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్టీవెన్స్ యూరప్ దస్త్రశాలలు గాలించి 2,000కు పైగా పత్రాల నకళ్లను 25 సంపుటాల్లో తెచ్చాడు. ఇక్కడ పుదుచ్చేరి గవర్నర్ మార్తినో 1911లో ఫ్రెంచి ఇండియా చరిత్ర సంఘం పెట్టించాడు. ఆ తరవాత గోదార్ పాత దస్త్రాల పట్టికలు తయారుచేశాడు, వాటిలో యానాం, మచిలీపట్నం కూడా ఉన్నాయి. రెండు వైపులా గొప్ప పనే. కానీ ఒకరి పట్టికలో రెండోవారి యుద్ధం కనబడదు.

అసలు ఇలాంటి కాగితాలు మిగలడమే అదృష్టం. 1814లో ఇంగ్లీషు సేన వాషింగ్టన్‌ను తగలబెట్టడానికి వస్తోందని తెలిసి, స్టీఫెన్ ప్లెజంటన్ అనే గుమాస్తా విదేశాంగ శాఖ పత్రాలను ముతక నార సంచుల్లో కుక్కి బండ్లమీద వర్జీనియాలోని లీస్‌బర్గ్‌కు చేర్చాడు. మన దగ్గర 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ రాత్రి మనకు ప్లెజంటన్ లేడు.

దొరల దస్త్రాల్లో ఊళ్లు ఎక్కువగా దండు దారిలో మజిలీలే. ఊరి గొంతు కావాలంటే మెకంజీ పోగుచేయించిన కైఫియత్తులు చూడాలి. గుడి మాన్యం, చెరువు, దశబంధం (చెరువు పనికిచ్చే మాన్యం), ఏ దొరతనంలో ఎవరు అధికారులు అన్నది కరణాలు చెప్పినట్టు వాటిలో ఉంటుంది. హైదర్ వెనక ఏ దేశం ఉందో కరణానికి పట్టలేదు, ఊరి మాన్యం ఎవరి అమల్లో ఎటు పోయిందన్నదే పట్టింది. ఆ నిర్లక్ష్యం నాకు సబబుగానే తోస్తుంది.

ఈ బీరువాలన్నీ ఒక్క 1800లో కలుసుకుంటాయి. ఫ్రాన్సు, అమెరికా మధ్య మైత్రి అప్పటికే చెడి సముద్రం మీద పోట్లాటగా మారింది. సెప్టెంబరు 30న మోర్త్‌ఫోంతేన్‌లో కుదిరిన ఒప్పందంతో 1778 నాటి పొత్తు రద్దయింది. సరిగ్గా 12 రోజులకు, అక్టోబరు 12న, నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. మైసూరు నుంచి ఆయన చేతికి వచ్చిన గుర్రంకొండ, మదనపల్లె వాటిలో ఉన్నాయి. టిప్పు అంతకు ముందటేడే శ్రీరంగపట్నంలో పోయాడు, ఫ్రాన్సు సాయం ఆయనకు అందనే లేదు.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగి, ఆ ఏడే హైదర్ మీదికి వెళ్లిన సేనలో నడిచినవాడు. ఇరవయ్యేళ్ల తరవాత అదే మనిషి ఇక్కడి పొలాలు కొలిపించి, ఒక్కొక్క రైతు పేరునా శిస్తు కట్టించాడు.