ఆధార్, వ్యక్తిగత గోప్యత: వివాద చరిత్ర

జాతీయ గుర్తింపు కార్డు ఆలోచన మన దేశంలో రేషన్ బియ్యం కోసం పుట్టింది కాదు, సరిహద్దు భద్రత కోసం పుట్టింది. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడ్డ సమీక్షా సంఘం సరిహద్దు గ్రామాల వారికి గుర్తింపు కార్డులు ఇవ్వాలంది. పౌరులందరికీ అలాంటి కార్డు ఇచ్చే అధికారాన్ని 2003 పౌరసత్వ చట్ట సవరణ కేంద్రానికి కట్టబెట్టింది.

ఆధార్ దారి వేరు. 2009 జనవరిలో ప్రణాళికా సంఘం కింద విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడింది, నందన్ నీలేకని దానికి అధ్యక్షుడయ్యారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ అనే గిరిజన గ్రామంలో తొలి పన్నెండంకెల సంఖ్య ఇచ్చారు. పది వేళ్ల ముద్రలు, రెండు కళ్ల ఐరిస్, ఫొటో తీసుకోవడం మొదలైంది గానీ దీనికంటూ ఒక చట్టం లేదు. 2010లో తెచ్చిన బిల్లును యశ్వంత్ సిన్హా నేతృత్వంలోని స్థాయీ సంఘం మరుసటి ఏడాది తిప్పికొట్టింది. చివరికి 2016లో చట్టం వచ్చింది, అదీ రాజ్యసభ అడ్డుకోలేని ద్రవ్య బిల్లు రూపంలో. ముందు సంఖ్య, తర్వాత చట్టం: వివాదానికి అసలు మూలం ఈ తలకిందుల వరసే.

2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌పై సుప్రీంకోర్టుకెక్కారు. గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని 2015లో కేంద్రం, 1954, 1962 నాటి తీర్పులను చూపి వాదించింది. ఆ వాదన బెడిసికొట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన అబ్దుల్ నజీర్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. పథకాలకు ఆధార్‌ను తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసినవారిలో బాలల హక్కుల ఉద్యమకారిణి శాంతా సిన్హా ఒకరు.

ఆధార్ చట్టంపై 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పు మాత్రం సగం సగమే. 4-1 మెజారిటీతో చట్టం నిలిచింది. రాయితీలకు, పాన్‌కు ఆధార్ సరేనన్నారు. బ్యాంకు ఖాతాలకు, సిమ్ కార్డులకు కుదరదన్నారు. ద్రవ్య బిల్లుగా తేవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ విభేదించారు. మరుసటి ఏడాదే, ఇష్టపూర్వకం అన్న షరతుతో బ్యాంకులకూ ఫోన్ కంపెనీలకూ సవరణ ద్వారా మళ్లీ తలుపు తెరిచారు.

కోర్టులో చర్చ గోప్యత గురించైతే, రేషన్ దుకాణంలో గొడవ వేలిముద్రది. 2012లోనే తూర్పు గోదావరిలో ఆధార్‌తో సరుకుల పంపిణీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. నాట్లు వేసీ, ఇటుకలు మోసీ అరిగిపోయిన ముసలివాళ్ల వేళ్లు యంత్రం మీద పడవు. చెయ్యి కడుక్కో, కొంగుకు తుడుచుకో, ఇంకో వేలు పెట్టు అంటాడు డీలరు. వెనక క్యూ పెరుగుతుంది. నకిలీ కార్డులు ఏరివేశామన్న ప్రభుత్వ లెక్కల్లో ఈ ముసలివాళ్ల ఖాళీ సంచులు కనిపించవు.

ఓటరు జాబితా కథా ముందు పని, తర్వాత చట్టం అనే బాటే పట్టింది. 2015లో ఆధార్‌తో ఓటరు కార్డుల అనుసంధానాన్ని ఎన్నికల సంఘం చేపట్టింది. ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆగిపోయింది. 2018 తెలంగాణ ఎన్నికల్లో చాలామంది పేర్లు గల్లంతైనప్పుడు విమర్శకులు ఆ అనుసంధానం వైపే వేలు చూపారు. 2021లో దానికీ చట్టం చేశారు. ఆధార్ సంఖ్య ఇవ్వడం తప్పనిసరి కాదని 2023 సెప్టెంబరులో, తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ పిటిషన్ మీద, ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. అప్పటికే 66 కోట్లకు పైగా సంఖ్యలు దాని దగ్గరికి చేరాయి.