అప్పుల కాగితాల్లో మిగిలిన రాజులు

పుత్తూరు పక్కనే నారాయణవనం. అక్కడ ఎవరిని ఆపి అడిగినా ఆకాశరాజు కథ చెప్తారు. నాగటిచాలులో దొరికిన పద్మావతి, ఎరుకలసాని సోది, కుబేరుడి దగ్గర అప్పు చేసి శ్రీనివాసుడు చేసుకున్న పెళ్ళి. ఏ కాలంవాడో తెలియని ఆ రాజు ఇంటింటా బతికే ఉన్నాడు. అదే నారాయణవనాన్ని కొంతకాలం రాజధానిగా చేసుకుని, ఆ తర్వాత కార్వేటినగరం నుంచి పుత్తూరుతో సహా ఈ చుట్టుపక్కల ఊళ్ళను ఏలిన బొమ్మరాజులను తలచుకునేవాళ్ళు మాత్రం అరుదు. దేవుడి అప్పు పురాణమైంది. వీళ్ళ అప్పు దావా అయింది.

ఒకప్పుడు ఆ సంస్థానం వైభవం తక్కువది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో మాకరాజు వెంకట పెరుమాళ్ రాజు కొలువులో సారంగపాణి ఉండేవాడు. ఊరి దేవుడైన వేణుగోపాలుడి ముద్రతో పదాలు కట్టాడు. క్షేత్రయ్య నాయికలు నాజూకుగా నిట్టూరిస్తే ఈయన ఆడవాళ్ళు మొహమాటం లేకుండా, సామెతలు విసురుతూ, వీధిలో మాట్లాడుకునే తెలుగులోనే దులిపేస్తారు. నాకైతే ఈయనే దగ్గరివాడనిపిస్తాడు.

తర్వాత ఆర్కాటు నవాబుకు కప్పం, 1801లో నవాబు చేతినుంచి కుంఫిణీకి. 1802లో వెంకటగిరి, కాళహస్తులతో పాటు బొమ్మరాజుకూ జమీందారీ సన్నదు ఇచ్చారు. సన్నదు అంటే గౌరవమే అనుకున్నారేమో. కత్తీ కావలీ పోయాయి, కుంఫిణీకి ఏటా కట్టాల్సిన పేష్కషు మిగిలింది. వాన పడినా పడకపోయినా ఆ మొత్తం మారదు. కొండల నడుమ చెరువుల మీద బతికే సీమ ఇది, చెరువు ఎండితే రైతు శిస్తు ఎక్కణ్ణించి తెస్తాడు? 1876-78 నాటి ధాతుకరువు మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలను ఊడ్చేసింది. శిస్తు రాని జమీందారుకు అప్పు తప్ప దారేముంది, దర్జా కూడా తగ్గించుకోలేడాయె. ఊళ్ళు తాకట్టు పడ్డాయి, కేసులు మద్రాసు హైకోర్టుకెక్కాయి, ఎస్టేటు రిసీవరు చేతికి పోయింది. 1948 చట్టం వచ్చి జమీందారీలను రద్దు చేసేనాటికి ఇక్కడ రద్దు చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

రాజ్యాలు పోవడం కొత్త కాదు. నన్ను బాధించేది వీళ్ళ కథ వీళ్ళ గొంతులో దొరక్కపోవడం. దొరికేదంతా పేష్కషు లెక్క, బాకీ లెక్క, తీర్పు. అంతఃపురంలో ఏం మాట్లాడుకున్నారో, మొదటి తాకట్టు మీద సంతకం చేసిన రాత్రి ఆ ఇంట్లో ఎవరు అన్నం తిన్నారో అప్పులవాడు రాయడు కదా.

కుంఫిణీ సర్వేయరు మెకంజీ దొర కావలి సోదరుల్లాంటి వాళ్ళను ఊరూరికీ పంపి ఊళ్ళ చరిత్రలు, కైఫీయతులు రాయించాడు. కరణాల దగ్గరున్న పాత ఊరి పుస్తకాలు, దండకవిలెలే వాటికి చాలాచోట్ల ఆధారం. మెకంజీ 1821లో పోయాడు. అంటే బొమ్మరాజుల పతనంలో అసలు భాగమంతా ఆ తర్వాతిదే. నాకు తెలిసినంతలో దాన్ని అడిగి రాయించుకున్న దొర లేడు, రాసుకున్న వారసుల మాటా బయటికి రాలేదు. 1984లో కరణాల ఉద్యోగమే రద్దయింది. పాత లెక్కలు చదివి, ఈ కయ్య ఎవరి తాతదో చెప్పగల మనుషులూ దాంతోనే కరువయ్యారు.

సారంగపాణి పదాలు మాత్రం నిలిచాయి, కొలువు చలవ వల్ల కాదు. దేవదాసీల కుటుంబాలు తల్లినుంచి కూతురికి నేర్పుకున్నాయి. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటివాళ్ళు వాటిని కచేరీదాకా తెచ్చారు. రాజు ఏమన్నాడో తెలియదు గాని, ఆయన కాలంలో ఇక్కడి ఆడది మొగుణ్ణి ఎట్లా దెప్పిపొడిచిందో తెలుస్తోంది.

జమీందారీ పోయేనాటికి బడికి పోతున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఎస్టేటువాళ్ళు శిస్తు వసూలుకొస్తే అవ్వ గింజలు ఎక్కడ దాచింది, రాజు అప్పుల సంగతి ఊళ్ళో మొదట ఎవరి నోట విన్నారు, ఆ మాటకు నవ్వారా జాలిపడ్డారా? పుత్తూరులో, నగరిలో, కార్వేటినగరంలో అరుగుల మీద కూర్చున్న ఆ ముసలివాళ్ళను ఇంకా అడగవచ్చు. వాళ్ళ మనవళ్ళందరి జేబుల్లోనూ రికార్డు చేసే ఫోన్లున్నాయి.