ఉప్పుమడినుండి అద్దపుతొట్టెకు

ఇంటిలో అద్దపుతొట్టె నమర్చి, ఉప్పునీరు నింపి, పగడపురాళ్లనడుమ చేపలను పెంచువారి దృష్టి సహజముగ చేపలమీదనే నిలుచును. కాని ఆ చేపల బ్రదుకునకు ఆధారమైన మరియొక ప్రజ, కంటికి ఆనీ ఆనని రూపముతో, ఆ నీటిలోనే సంచరించుచుండును. ఆ సూక్ష్మజలచరములలో చరిత్రచేత మిక్కిలి విశిష్టమైనది ఆర్టీమియా. ఇది రొయ్యకును పీతకును దూరపు జ్ఞాతి. పూర్తిగ ఎదిగినను సుమారు సెంటీమీటరు పొడవే యుండును. ఆకులవలె పలుచనైన పదునొకండు జతల కాళ్లను ఒకదానివెంట నొకటిగ ఆడించుచు, వెల్లకిల ఈదుట దీని విలక్షణము. నేడు మన కోస్తాజిల్లాలలో వేలకుటుంబములను పోషించుచున్న రొయ్యలసాగు పిల్లలపెంపకపు దశలో ఈ అల్పజీవిపైననే ఆధారపడియున్నది. అయినను దీని ఉపయోగమును లోకమున కెరిగించినవారు పరిశ్రమాధిపతులు కారు. మొదట ఉప్పుమడులలో శ్రమించిన పనివారును, పిదప వినోదార్థము చేపలను పెంచుకొన్న గృహస్థులును ఈ చరిత్రకు కర్తలు.

ఇంగ్లండు దక్షిణతీరమున, హాంప్‌షైర్ మండలములోని లిమింగ్టను పట్టణము పదునెనిమిదవ శతాబ్దమున ఉప్పునకు ప్రసిద్ధి. అచ్చటివారు పెద్దపోటు దినములలో సముద్రజలమును లోతులేని మడులలోనికి వదలి, వేసవి యెండకును గాలికిని కొంత ఇగురనిచ్చి, చిక్కబడిన నీటిని గాలిమరలతో తోడి, బొగ్గుపొయ్యిలపై పెద్దపళ్లెములలో కాచి ఉప్పు తీసెడివారు. మన నౌపడా, చినగంజాం ఉప్పుకొటారులలో ఎండయే కడదాక పనిచేయును. లిమింగ్టనున ఎండ సగములో విడిచిన పనిని నిప్పు పూర్తిచేయవలసి వచ్చెడిది. ఆ మడులలో, ఏ చేపయు బ్రదుకలేని చిక్కని ఉప్పునీటిలో, ఎఱ్ఱని జీవులు కోట్లకొలది పుట్టుచుండెను. 1755-56 ప్రాంతమున ష్లోసర్ అను పండితుడు వీనిని వర్ణించి బొమ్మ గీసెను. 1758లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు వీనికి శాస్త్రీయనామ మిచ్చెను. ఆర్టీమియా అను నేటి పేరు 1819లో లీచ్ అను శాస్త్రజ్ఞుడు పెట్టినది.

పండితులు పేరు పెట్టుచుండగా పనివారు వీనితో పనిచేయించుకొనుచుండిరి. ఈ పురుగున్న మడిలో నీరు తేటపడునని వారి దృఢవిశ్వాసము. అందుచేత పురుగు లేని మడికి పొరుగుమడినుండి కొన్నింటిని తెచ్చి వదలెడివారు. చదువరులు దీనిని పామరుల మూఢనమ్మక మనుకొనియుండవచ్చును గాని, నా యెఱుకలో ఇంత నిశితమైన పరిశీలన అరుదు. ఆర్టీమియా నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మమైన నాచును భక్షించును; నాచు ముదిరిన మడిలో ఉప్పు చక్కని పలుకుగ కట్టదు. తరతరములుగ మోకాలిబంటి ఉప్పునీటిలో నిలిచినవాడు గ్రహించిన ఈ సత్యమును శాస్త్రము చాలకాలమునకు గాని సమర్థింపలేదు. చెషైర్ గనుల ఉప్పు చౌకగ వచ్చి పడుటతో లిమింగ్టను మడులు క్రమముగ మూతబడి 1865తో ఆ వృత్తి ముగిసెను. మడులతోపాటు ఆ జీవియు అచ్చట నశించెను.

ఆ మడులు క్షీణించుచున్న కాలముననే లండనునగరమున మరియొక ఆసక్తి పుట్టెను. 1845లో గాజుపై పన్ను తొలగుటచేత అద్దపుపలకలు చౌకయయ్యెను. 1850లో రాబర్ట్ వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు చేపయు నత్తయు నీటిమొక్కయు ఒకదాని నొకటి పోషించుకొనుచు, నీరు మార్పకయే ఒక తొట్టెలో నిలువగలవని చూపెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ సముద్రజీవులను ఇంట పెంచు విధానమును గూర్చి గ్రంథము వెలువరించి, తీరమునకు దూరముగ నున్నవారి కొరకు లవణములను పాళ్లప్రకారము కలిపి సముద్రజలమును చేయు పద్ధతియు ప్రకటించెను. జనులు గంపలతోను జాడీలతోను తీరములమీద పడిరి. తండ్రి గ్రంథములు రేపిన ఉత్సాహమే ఆ రాతిగుంటల సౌందర్యమును బోసిపుచ్చెనని కుమారుడు ఎడ్మండ్ గాస్ తరువాత తన ఆత్మకథలో దుఃఖించెను. ఆ దుఃఖము న్యాయమైనది.

తొట్టెలో పుట్టిన చేపపిల్లకు ఏమి పెట్టవలెనను ప్రశ్నకు మాత్రము ఆ తరమువద్ద సమాధానము లేకుండెను. పిల్ల నోరు అత్యల్పము. పెక్కుజాతుల పిల్లలు కదలని ఆహారమును ముట్టనైన ముట్టవు. 1933లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు స్టైన్‌హార్ట్ మత్స్యప్రదర్శనశాలాధ్యక్షుడు ఆల్విన్ సీల్, 1939లో నార్వే దేశీయుడు గున్నార్ రోలెఫ్సెన్, అప్పుడే పొదిగిన ఆర్టీమియా శిశువులే దానికి తగిన ఆహారమని వెల్లడించిరి.

ఈ ఆహారము జగమంత వ్యాపించుటకు కారణము దాని గ్రుడ్డు. పరిస్థితు లనుకూలించినంతకాలము ఆడుజీవి సజీవమైన పిల్లలనే కనును; ఉప్పు మితిమీరినను ప్రాణవాయువు కొరవడినను గట్టిపెంకుగల గ్రుడ్లను విడుచును. లోపలి పిండము కొంతదూరము పెరిగి నిలిచిపోవును. ఎండబెట్టి తేమ తగులకుండ దాచినచో సంవత్సరములతరబడి అట్లే యుండును. ఒక్కొక్క గ్రుడ్డు మిల్లీమీటరులో నాలుగవవంతు. గ్రామునకు రెండు మూడు లక్షలు తూగును. చూపునకు గోధుమవన్నె పొడి, వ్రేళ్లనడుమ మెత్తని ఇసుకవలె జారును. దీనిని 28 డిగ్రీల వేడిమిగల ఉప్పునీటిలో వేసి, దీపము పెట్టి, అడుగునుండి గాలి ఊదుచుండినచో, ఒక దినము తిరుగునప్పటికి పెంకు పగిలి నారింజవన్నె శిశువు వెలువడును. గాలి నిలిపినపుడు వట్టిపెంకులు పైకి తేలును, పొదుగనివి అడుగుపట్టును. ఒంటికన్నుగల శిశువులు వెలుగును వెదకికొనుచు దీపమువైపునకు గుమిగూడగా, అచ్చట సన్నగొట్టము పెట్టి లాగుకొందురు. సజీవాహారమును డబ్బాలో పొడిగ నింపి ఖండాంతరములకు పంపగల సౌలభ్యము మరి యే జీవియందును ఇంతగ లేదు.

1950వ దశకపు ఆరంభమున అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సునందును, శాన్‌ఫ్రాన్సిస్కో ఉప్పుమడులందును ఈ గ్రుడ్లను సేకరించు వర్తకము మొదలయ్యెను. మొదటి కొనుగోలుదారులు పెంపుడుచేపల అంగళ్లవారే. తరువాత హెరాల్డ్ వాన్ బ్రాన్‌హట్ బాలుర కొరకు ఈ గ్రుడ్లను పొట్లములలో అమ్మనారంభించి, 1962లో వానికి 'సీ మంకీస్' అని పేరు మార్చెను. ప్రకటనలలో చూపిన కిరీటధారులైన మనుష్యాకృతులు తొట్టెలో కనబడకుండుట ఆ బాలురకు చేసిన అన్యాయమే. ఉప్పుసరస్సుపై శరత్కాలమున గ్రుడ్లు తేలి, ఎఱ్ఱగోధుమచారలై పరచుకొనును. చిన్నవిమానములవారు చారలను కనిపెట్టి తెలుపగా, పడవలవారు తేలెడి కంచెలతో చుట్టి సంచులకెత్తుదురు.

1970వ దశకమున చేపలసాగును రొయ్యలసాగును పెరిగి గ్రుడ్లకు కరవు వచ్చెను. కిలో 10 డాలర్లలోపు పలికిన సరకు 50 మొదలు 100 డాలర్లకు ఎగబ్రాకెను. 1978లో బెల్జియములోని గెంట్ విశ్వవిద్యాలయమున ఈ జీవికే ప్రత్యేకపరిశోధనాకేంద్రము వెలసెను. 1980వ దశకము చివర విశాఖపట్టణమున టాస్పార్క్ రొయ్యపిల్లల కేంద్రము పుట్టిన పిమ్మట, భీమునిపట్నము, ఉప్పాడ, చీరాల తీరములవెంబడి హేచరీలు లేచినవి. అచ్చట జోయా అను శైశవదశలోని రొయ్యపిల్లకు నాచు నిత్తురు. దాని తరువాతి మైసిస్‌దశనుండి ఆర్టీమియా తప్పనిసరి. టైగర్ రొయ్య కాలమునను, 2009 తరువాత వచ్చిన వనామీ రొయ్య కాలమునను ఆర్టీమియా టిన్ను లేని హేచరీ లేదు. ఇంటితొట్టె సరదాకై పుట్టిన వర్తకము లేకున్నచో ఈ పరిశ్రమకు సిద్ధమైన ఆహారము దొరకెడిది కాదని నా తలంపు.

2022లో ఆ అమెరికా సరస్సు నీటిమట్టము లెక్కలు వ్రాసిన కాలమంతటిలోను కనిష్ఠమునకు దిగి, ఉప్పు ఆర్టీమియాకే మితిమీరునంతగ పెరిగెను. పరదేశపు ఒక్క సరస్సుపై ఇంత భారము వేయుట మనకు క్షేమము కాదు. తూత్తుకుడి, వేదారణ్యము మడులలోను రాజస్థానపు సాంబర్ సరస్సులోను మన దేశపు ఆర్టీమియా ఉన్నది. తూత్తుకుడి జాతిలో మగవి లేకయే ఆడుజీవులు సంతానమును కనును. వియత్నాములోని విన్‌చౌ ప్రాంతమున, 1980వ దశకమునుండి ఉప్పురైతులు ఏటేటా ఎండకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో జాతిని మడులలో వదలి, గాలివాలునకు గట్టుచేరిన గ్రుడ్లను సన్నవలలతో ఎత్తి, శుభ్రముచేసి అమ్ముచున్నారు. ఉప్పుధర పడిపోయిన ఏడు వారి ఇల్లు గడచునది ఈ గ్రుడ్లమీదనే.