ముసుగు వేసుకున్నవాడు, ముసుగు తీసేవారు: ఒక కార్టూన్ కలయిక చరిత్ర

2018 జనవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘స్కూబీ-డూ అండ్ బ్యాట్‌మ్యాన్: ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ అనే యానిమేషన్ చిత్రాన్ని విడుదల చేసింది. ఇది థియేటర్ల కోసం తీసిన సినిమా కాదు; డిస్కుల రూపంలో, ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఇళ్లకు చేరింది. నిడివి సుమారు గంటంబావు. చరిత్ర పాఠంలో పిల్లల బొమ్మల సినిమాకు పనేమిటని మీకు అనిపించవచ్చు. శాసనం, నాణెం, రెవెన్యూ రికార్డు ఎలా ఆధారాలో, జనాదరణ పొందిన వినోదం కూడా అలాగే ఆధారమే. అయితే ఏ ఆధారాన్ని ఏ ప్రశ్న అడగాలో తెలియాలి. ఈ సినిమాను కథ బాగుందా అని అడిగితే చరిత్రకారునికి దక్కేది తక్కువ. ఈ రెండు పాత్రల వర్గాలూ ఒకప్పుడు ఒకదాని చోటు మరొకటి ఆక్రమించినవి కదా, ఒకే కథలోకి ఎలా వచ్చాయి అని అడిగితే చాలా దక్కుతుంది.

ముందుగా, స్కూబీని చూడనివారి కోసం రెండు మాటలు. ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ అనే నలుగురు యువతీయువకులు, స్కూబీ అనే పిరికి గ్రేట్ డేన్ కుక్క ఒక వ్యానులో తిరుగుతూ ఉంటారు. వెళ్లినచోటల్లా ఒక దెయ్యమో భూతమో ఎదురవుతుంది. చివరికి పట్టుకుని ముసుగు లాగితే లోపల ఉండేది మనిషే. ఆస్తి కోసమో, దాచిన సొమ్ము కోసమో ఊరిని భయపెడుతున్నవాడే. ‘చందమామ’ చదివి పెరిగిన మనకు ఇది కొంత వింతగా ఉంటుంది. మన భేతాళుడు శవంలో నిజంగానే ఉంటాడు, ప్రశ్న అడుగుతాడు, సమాధానం వినగానే చెట్టెక్కుతాడు. స్కూబీ తొలి ధారావాహికలో మాత్రం దెయ్యమన్నది అబద్ధమని తేలాలి. అది తేలితేనే కథ ముగుస్తుంది.

ఇప్పుడు 1960ల అమెరికాకు వెళదాం. అప్పట్లో అక్కడి పిల్లలకు శనివారం ఉదయం టెలివిజన్ ముందు గడిపే సమయం. మిఠాయిలు, బొమ్మలు, అల్పాహారపు సిరియళ్లు అమ్మే కంపెనీలకు అదే అదను. 1966 నుంచి సి.బి.ఎస్. చానెల్ ఆ ఉదయాలను సూపర్‌హీరోలతో నింపింది. అక్కడ పగటిపూట కార్యక్రమాలు చూసే యువ అధికారి ఫ్రెడ్ సిల్వర్‌మన్ సూపర్‌మ్యాన్‌ను, స్పేస్ ఘోస్ట్‌ను వరుసగా తెరకెక్కించాడు. 1968 సెప్టెంబరులో బ్యాట్‌మ్యాన్ కార్టూన్ కూడా అదే చానెల్‌లో మొదలయింది.

కాని ఆ సంవత్సరాన్ని గుర్తుచేసుకోండి. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగింది. ఆ వెంటనే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హింసకు కారణాలను, నివారణను పరిశీలించడానికి ఒక జాతీయ కమిషన్‌ను నియమించాడు. టెలివిజన్‌లో హింస కూడా ఆ చర్చలోకి వచ్చింది. వియత్నాం యుద్ధ దృశ్యాలు రాత్రి వార్తల్లో ఇళ్లలోకి వస్తున్న రోజులవి. యుద్ధాన్ని ఆపలేని సమాజం కార్టూన్‌లోని పిడిగుద్దును ఆపడానికి సిద్ధపడింది. ఈ మాటలో కొంత ఎత్తిపొడుపు ఉన్నా, ఆనాటి తల్లిదండ్రుల ఆందోళన మాత్రం బూటకం కాదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక తొందర పడతారు. 1968లోనే మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పెగీ చారెన్ అనే గృహిణి మరికొందరు తల్లులతో కలిసి ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’ అనే సంస్థను స్థాపించింది. 1969లో సూపర్‌హీరోలు వెనక్కి తగ్గి స్కూబీ వచ్చింది. కాబట్టి తల్లుల ఉద్యమం వల్లే స్కూబీ పుట్టిందని చాలామంది రాస్తారు. ఒకదాని తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదు. ఆ సంస్థ ముఖ్యంగా పోరాడింది పిల్లల కార్యక్రమాల్లోని వ్యాపార ప్రకటనల మీద. పైగా చారెన్ సెన్సార్‌షిప్‌ను వ్యతిరేకించింది. ఉన్నవాటిని తీసేయమనలేదు, మంచివాటిని పెంచమన్నది. కాబట్టి ఆమెను సూపర్‌హీరోలను తరిమిన వ్యక్తిగా చూపడం ఆమెకు చేసే అన్యాయం.

మరి చానెల్ ఎందుకు మారింది? హింసపై దేశమంతటా రేగిన చర్చ ఒక కారణం. 1968లో వచ్చిన ‘ది ఆర్చీ షో’ విజయం మరొక కారణం. పాటలు పాడే, జోకులు వేసే హైస్కూలు వయసు పిల్లలతో కూడా శనివారం గడిచిపోతుందని అది సిల్వర్‌మన్‌కు చూపింది. నా అభిప్రాయంలో ఈ రెండవ కారణానికి పుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు. లాభం కనిపించకుండా చానెళ్లు నీతి వైపు కదలడం అరుదు.

హన్నా-బార్బెరా స్టూడియోలో జో రూబీ, కెన్ స్పియర్స్ అనే రచయితలు కొత్త కార్యక్రమాన్ని రూపొందించారు. ఇవావో తకమోతో పాత్రల బొమ్మలు గీశాడు. సిల్వర్‌మన్ తర్వాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, మొదట చూపిన బొమ్మలు పిల్లలకు మరీ భయం కలిగిస్తాయని సి.బి.ఎస్. అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్ నిరాకరించాడు. అప్పుడు పక్కనున్న కుక్కను కథకు మధ్యలోకి తెచ్చారు. భయపడేవాడే నవ్వించేవాడయ్యాడు. 1969 సెప్టెంబరు 13న తొలి భాగం ప్రసారమయింది. భయం ఉంటుంది, దెబ్బలు ఉండవు. నేరం ఉంటుంది, హత్య ఉండదు. స్కూబీ పిరికితనం ఒక హాస్య స్వభావం మాత్రమే కాదు, ఒక చానెల్ చేసుకున్న రాజీ కూడా.

మూడేళ్లకే బ్యాట్‌మ్యాన్ తిరిగొచ్చాడు, అదీ స్కూబీ ఇంటికే. 1972లో మొదలైన ‘ది న్యూ స్కూబీ-డూ మూవీస్’లో ఒక్కో భాగానికి ఒక్కో ప్రసిద్ధ అతిథి వచ్చేవారు. రెండు భాగాల్లో బ్యాట్‌మ్యాన్, రాబిన్ అతిథులు. జోకర్, పెంగ్విన్ దొంగలు. షాగీకి గొంతు ఇచ్చిన కేసీ కేసెమ్ రాబిన్‌కు కూడా గొంతు ఇచ్చాడు. అంటే రాబిన్, షాగీ మాట్లాడుకుంటే ఒకే మనిషి తనతో తానే మాట్లాడుకున్నట్లు! అదే ఏడాది జనవరిలో టెలివిజన్ హింసపై అమెరికా సర్జన్ జనరల్ సలహా సంఘపు నివేదిక వెలువడింది. అటువంటి వాతావరణంలో బ్యాట్‌మ్యాన్ గుద్దులాటలు తగ్గించుకుని, ఆనవాళ్లు వెదికే పెద్దమనిషిగా ఈ పిల్లల పక్కన నిలబడ్డాడు. మరుసటి ఏడాది అదే స్టూడియో ఎ.బి.సి. చానెల్ కోసం ‘సూపర్ ఫ్రెండ్స్’ తీసింది. అందులో సూపర్‌హీరోలందరూ ఉన్నారు, కొట్లాట మాత్రం బాగా తగ్గింది. సూపర్‌హీరోలు మళ్లీ శనివారానికి రావడానికి స్కూబీ వ్యానే తొలి వాహనమయిందని నేను భావిస్తాను.

అప్పటికి ఈ రెండు పాత్రలూ వేర్వేరు యజమానులవి. తర్వాతి కథ వాటాల కొనుగోలు కథ. క్లుప్తంగా చూస్తే చాలు. 1991లో టర్నర్ సంస్థ హన్నా-బార్బెరాను కొన్నది, 1992లో ఆ బొమ్మల నిధితో కార్టూన్ నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. 1996లో టర్నర్ సంస్థ టైమ్ వార్నర్‌లో కలిసింది. బ్యాట్‌మ్యాన్ ఆ సంస్థదే. అప్పటి నుంచి స్కూబీ, బ్యాట్‌మ్యాన్ ఒకే ఇంటివారు. ఒకరినొకరు కలవడానికి బయటివారి అనుమతి అవసరం లేకుండా పోయింది.

2018 చిత్రం ఈ ఇద్దరినీ కలపడానికి ఎంచుకున్న చోటును గమనించండి. అది యుద్ధభూమి కాదు, పరిశోధకుల సంఘం. బ్యాట్‌మ్యాన్ 1939లో మొదట కనిపించిన పత్రిక పేరే ‘డిటెక్టివ్ కామిక్స్’. డి.సి. అనే రెండక్షరాలు అక్కడి నుంచి వచ్చినవే. పిడికిలి వెనుక మరుగున పడిన ఆ డిటెక్టివ్‌ను ఈ చిత్రం బయటికి తీసింది. తాను తేల్చలేకపోయిన ఒక పాత కేసు అతణ్ణి వెంటాడుతుంది. ముసుగు తీయడమే వృత్తిగా పెట్టుకున్న పిల్లలు, ముసుగుతోనే న్యాయం చేస్తానన్నవాడిని గౌరవంతో చూస్తారు. అతని ముసుగు జోలికి ఎందుకు పోకూడదు? తొలి స్కూబీలో ముసుగంటే మోసం. ఇక్కడ కొన్ని ముసుగులు మోసం, కొన్ని బాధ్యత. ఈ తేడాను ఎవరు నిర్ణయిస్తారన్నది సినిమా నవ్వుతూ దాటేసింది; మీరు దాటేయనవసరం లేదు.

నిర్మాణంలో ఒక తీగ 1969 నుంచి తెగకుండా వచ్చింది. తొలి భాగంలో ఫ్రెడ్‌కు గొంతు ఇచ్చిన ఫ్రాంక్ వెల్కర్ ఈ చిత్రంలోనూ ఫ్రెడ్‌కు గొంతు ఇచ్చాడు. స్కూబీ గొంతు కూడా ఇప్పుడు ఆయనదే. ఆ గొంతు మొదట వినిపించిన శనివారం ఉదయం మాత్రం లేదు. 1990లో అమెరికాలో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చింది. 1992లో, కార్టూన్ నెట్‌వర్క్ పుట్టిన సంవత్సరంలోనే, చారెన్ తన సంస్థ పని పూర్తయిందని దానిని మూసివేసింది. 2014 సెప్టెంబరులో సి.డబ్ల్యు. చానెల్ తన శనివారపు కార్టూన్లను ఆపివేసింది. పిల్లలు ఏమి చూడాలో వాదించుకోవడానికి ఒకప్పుడు అందరికీ ఒకే గడియారం, ఒకే చానెల్ ఉండేవి. 2018 నాటి ఈ డిస్కును ఏ వారమైనా, ఏ వేళైనా పెట్టుకోవచ్చు.